నేను చదవని రెండో తీర్మానం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికి ఉత్తరం వచ్చినా చదివి పెట్టేది నేనే. పోస్టుమాను కార్డు ఇచ్చి వెళ్ళగానే అది పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చేవారు. నేనప్పుడు అయిదో తరగతి. మా తాతయ్యకి కళ్ళలో పొరలు కమ్మడంతో రోజూ ఉదయం పేపరు నా చేత చదివించుకునేవారు. అలా చదివి చదివి నాకు ఎంత వంకర రాతయినా ఇట్టే అర్థమయ్యేది. పెద్దవాళ్ళు కూడా తడుముకునే గొలుసుకట్టు రాతని గడగడా చదివేసేదాన్ని. ఊరంతా మెచ్చుకునేది, ఆ మెప్పు నాకు బాగానే తలకెక్కింది. ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని చదవడం రాక చేసింది కాదని మీకు తెలియాలి.

మా తాతయ్య ఊరికి ప్రెసిడెంటు. ఇప్పుడు కాగితాల మీద సర్పంచి అని రాస్తున్నారు గానీ మా వైపు అప్పుడూ ఇప్పుడూ నోటికొచ్చే మాట ప్రెసిడెంటుగారే. ఆయన చెడ్డమనిషని రాసేస్తే నా పని సులువయిపోతుంది. కానీ ఆయన చెడ్డవారు కాదు. ఎవరింట్లో పెళ్ళయినా దగ్గరుండి పందిరి వేయించేవారు, గోదావరికి వరదొస్తే లంకల్లో వాళ్ళకి మా ధాన్యం కొట్టు తెరిచేవారు. పేట వాళ్ళ విషయంలో మాత్రం ఆయన లెక్క వేరుగా ఉండేది. మా ఇంట్లో అందరి లెక్కా అంతే. నాది కూడా.

పేట కాలువకి అవతల ఉండేది. అక్కడి వాళ్ళు మా పొలాల్లోనూ మాలాంటి రైతుల పొలాల్లోనూ పనిచేసేవారు. ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. ఆడవాళ్ళు ఊడ్పులూ కోతలూ లేని రోజుల్లో గుమ్మాల్లో కూర్చుని లేసు అల్లి నరసాపురం పంపేవారు. పంచాయతీకి పేట నుంచి ఒక మెంబరు ఎన్నికయ్యేవాడు. నేను చెబుతున్న రోజుల్లో ఆ మెంబరు మా నాన్న కంటే పదేళ్ళు పెద్ద. ఇప్పుడు ఆయన అని రాస్తున్నాను గానీ అప్పుడు మా ఇంట్లో ఎవరూ ఆయన్ని అలా అనలేదు. నేను నువ్వు అనేదాన్ని. ఆయన నన్ను పాపగారూ, మీరూ అనేవారు. అది నాకు వింతగా తోచలేదు.

పేటవాళ్ళు తాగేవి కాలువ నీళ్ళు. వేసవిలో కాలువ కట్టేసిన రెండు నెలలూ ఆడవాళ్ళు బిందెలు నెత్తిన పెట్టుకుని పక్క ఊరి మంచినీళ్ళ చెరువుకి నడిచి వెళ్ళేవారు. వెళ్ళిరావడానికి ఒక పూట పట్టేది. ఆయన ఓట్లు అడిగినప్పుడు ఇంకేమీ చెప్పలేదట. పేటలోకి ఒక కుళాయి తెస్తానని మాత్రం అన్నారట. గెలిచాక రెండేళ్ళపాటు కూలి మానుకుని సైకిలు మీద పంచాయతీ సమితి ఆఫీసుకి కాళ్ళరిగేలా తిరిగారు. మా అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు ఆయన సైకిలు వెళ్తుంటే చూసి నవ్వుకునేవారు. చివరికి ఊరికి బోరూ, ట్యాంకూ, నాలుగు కుళాయిలూ మంజూరయ్యాయి. మూడు ఊళ్ళోకి, ఒకటి పేటకి. ఆ కాగితం తెచ్చింది ఆయనే అయినా ఊళ్ళో అందరూ మా తాతయ్యనే అభినందించారు.

పంచాయతీ మీటింగులు మా అరుగు మీదే జరిగేవి. మిగతా మెంబర్లు బల్లల మీదా కుర్చీల్లోనూ కూర్చుంటే ఆయన స్తంభం పక్కన నిలబడేవారు. కూర్చోమని ఎవరూ అనేవారు కాదు. చాలా నెలలు ఆ మాత్రం మీటింగు కూడా ఉండేది కాదు. గుమాస్తా తీర్మానాల పుస్తకంలో రాసేసి ఇంటింటికీ తిప్పితే అందరూ ఎవరి ఇంట్లో వాళ్ళు సంతకం పెట్టేసేవారు. మీటింగు జరిగినట్టే, అందరూ ఒప్పుకున్నట్టే. ఈ పద్ధతిలో తప్పుందని మా ఊళ్ళో ఎవరికీ అనిపించేది కాదు. పేట మెంబరు వేలిముద్ర వేసేవారు.

రెండో పంట దాళ్వా చేలు పొట్టమీదున్న రోజులవి. ఒక ఉదయం పేపరు చదవడం అయ్యాక తాతయ్య తీర్మానాల పుస్తకమూ సిరా ముద్ర డబ్బా నా చేతిలో పెట్టారు. గుమాస్తా అందరి సంతకాలూ పెట్టించాడు, పేట మెంబరు వేలిముద్ర ఒక్కటే మిగిలింది.

"నువ్వెళ్ళి వేయించుకురామ్మా. నువ్వయితే మారు మాట్లాడడు" అన్నారు. నేను గుమ్మం దిగుతుంటే మళ్ళీ పిలిచారు. "ఏం రాశారని అడిగితే వీధి దీపాల సంగతి చదివి వినిపించు. అది చాలు."

కాలువ వంతెన మీద ఆగి పుస్తకం తెరిచాను. ఆ పేజీలో రెండు తీర్మానాలున్నాయి. మొదటిది వీధి దీపాలది. రెండోది, పేటకి అనుకున్న నాలుగో కుళాయిని అక్కడికి గొట్టం వేయడం కష్టం కాబట్టి ఊళ్ళోనే, ప్రెసిడెంటుగారి పశువుల పాక పక్క సందులో వేయాలని. గుమాస్తా గొలుసుకట్టు రాత. రెండుసార్లు చదివాను. మా గేదెలకి నూతిలోంచి తోడలేక చస్తున్నామని మా పాలేర్లు అనడం, మా నాన్నమ్మ రోజూ దాని గురించి సణగడం నాకు తెలుసు. కాబట్టి బాగానే అర్థమయింది. అర్థం కాలేదని చెప్పుకుందామంటే నాకు వీల్లేదు.

ఆయన ఇంటి ముందు కూర్చుని కప్పుకి కొబ్బరాకు అల్లుతున్నారు. ఆయన భార్య గుమ్మంలో లేసు అల్లుతోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. ఆవిడ పీట తెచ్చి పమిట చెంగుతో తుడిచి వేసింది. నేను కూర్చున్నాను, వాళ్ళు నిలబడ్డారు. ఆయన తలగుడ్డ తీసి చేతులు తుడుచుకున్నారు.

"ఏం రాశారో ఓసారి చదవండి పాపగారూ" అన్నారు.

మొదటి తీర్మానం గొంతెత్తి చదివాను. ఊళ్ళో నాలుగు దీపాలు, పేట మొదట్లో ఒక దీపం. ఆయన మొహం వెలిగింది. గుమ్మంలో ఆవిడ కూడా అల్లిక ఆపి విని నవ్వింది. నేను పుస్తకం మూయబోయాను. ఆయన వంగి చూసి, "కింద ఇంకా ఏదో ఉన్నట్టుందండి" అన్నారు.

వీధి దీపాలది చదివితే చాలన్నారు తాతయ్య. కిందది అడిగితే ఏం చెప్పాలో ఆయన చెప్పలేదు. నాకు తెలియదు, ఇంటికెళ్ళి అడిగి వస్తానని అనొచ్చు. మౌనంగా ఉన్నా సరిపోయేది. నేను క్షణం కూడా తడుముకోకుండా, "అదా? మెంబర్లందరూ సంతకాలు పెట్టాలని రాశారు" అన్నాను.

"ఆయ్, అలాగాండి. చదువుకున్న పాపగారు చెప్పాక ఇంకేముందండి" అని బొటనవేలు చాపారు. వేలికి సిరా నేనే పూశాను. ముద్ర సరిగ్గా పడాలని ఆయన వేలిని నా చేత్తో నొక్కాను కూడా. ఊరికి తిరిగి వస్తుంటే ఆవిడ వెనకాలే వచ్చి రెండు జామకాయలు ఇచ్చింది.

ఇంటికొచ్చి జరిగినదంతా చెప్పాను. ఆయన ఎలా వంగి చూశారో, నేనెలా జవాబు చెప్పానో నటించి మరీ చూపించాను. తాతయ్య కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "దీన్ని ప్లీడరీ చదివించాలే" అని మా నాన్నమ్మతో అన్నారు. సాయంత్రం అరుగు మీదికి వచ్చినవాళ్ళకి ఆయనే చెప్పారు, వాళ్ళూ నవ్వారు. నాన్నమ్మ పూతరేకు తెచ్చి పెట్టింది. అది నాకు చాలా రుచిగా ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. తెలియక చేశాను, ఆ వెంటనే బాధపడ్డాను అని రాసుకోవాలని ఉంది గానీ అలా జరగలేదు.

నెల తిరక్కుండా గొట్టాలు వచ్చాయి. పేట జనం కాలువ వంతెన దాకా వచ్చి గొయ్యి తవ్వుతున్నవాళ్ళని చూస్తూ నిలబడేవారు. ఊళ్ళో మూడు కుళాయిలూ అయ్యాయి. నాలుగో గొట్టం వంతెన వైపు వెళ్ళకుండా మా పశువుల పాక వైపు తిరిగింది. ఆ సాయంత్రం పేట నుంచి పదిమంది దాకా మా ఇంటికి వచ్చారు. ముందు మెంబరుగారు. నేను సావిట్లో తలుపు పక్కన ఉన్నాను.

తాతయ్య కేకలేమీ వేయలేదు. పుస్తకం తెప్పించి పేజీ తెరిచి చూపించారు. "ఇది నీ వేలిముద్రే కదా" అన్నారు. గుమాస్తా రెండో తీర్మానం పైకి చదివాడు. మెంబరుగారు కదలకుండా విన్నారు. పేట పెద్ద ఒకాయన పక్కకి తిరిగి, "ఇందులో ఏముందో చూసుకోకుండా ఎలా వేశావు? ఎవరు చదివి చెప్పారు నీకు?" అని నిలదీశాడు.

మెంబరుగారు తలెత్తారు. నేను తలుపు చాటుకి జరగడం ఆలస్యమయింది. మా చూపులు కలిశాయి. ఇప్పుడు నా పేరు చెబుతారు, ఈ పదిమంది ముందూ అబద్ధాలకోరునవుతాను అనుకున్నాను. ఆ క్షణంలో కూడా నా భయం నా పరువు గురించే.

"చదివి వినిపించారు. సరిగ్గానే వినిపించారు. నా బుర్రకే ఎక్కలేదు" అన్నారాయన.

తాతయ్య గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయారు. పేటవాళ్ళు మెట్లు దిగుతూ మెంబరుగారిని అనరాని మాటలన్నీ అన్నారు. అయ్యగారి దగ్గర ఏం గడ్డి తిన్నావని ఒకడు అడిగాడు. అందరూ వెళ్ళిపోయాక ఆయన ఒంటరిగా సైకిలు నడిపించుకుంటూ వంతెన దాటారు. ఆ రాత్రి మొదటిసారి అన్నం సగంలో వదిలేసి లేచాను.

కాలువ కట్టేశారు. ఎండలు ముదిరాయి. మా సందులో కుళాయి దగ్గర ముందు మా గేదెలకి తొట్టి నింపేవారు. ఆ తర్వాత పేట ఆడవాళ్ళు పట్టుకోవచ్చని మా నాన్నమ్మ దయతలచింది. కుళాయి తిప్పే పని మా పాలేరుది, వాళ్ళు ముట్టుకోకూడదు. గేదెలు తాగేదాకా వాళ్ళు బిందెలతో గోడ నీడన నిలబడేవారు. మెంబరుగారి భార్య మాత్రం మా సందుకి ఒక్కరోజు కూడా రాలేదు. నెత్తిన బిందె, చంకలో బిందెతో పక్క ఊరికే వెళ్ళేది. పేటలో మిగతావాళ్ళు ఆవిడతో మాట్లాడటం మానేశారని మా ఇంట్లో పనిచేసే అమ్మాయి చెప్పింది. నేను మా గదిలో సందు వైపున్న కిటికీ తలుపు వేసుకోవడం మొదలుపెట్టాను. ఉక్కపోతకి మా అమ్మ తీసేది, నేను మళ్ళీ వేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోజనాలు చేసి కునుకు తీస్తున్నారు. నేను అరుగు మీద కథల పుస్తకం చదువుకుంటున్నాను. తలెత్తితే కింద మెట్టు దగ్గర ఆయన. పారిపోదామనిపించింది.

"పాపగారూ, మీతో చిన్న పని పడిందండి" అన్నారు. "నాకు అచ్చు అక్షరాలు చదవడం వచ్చండి. చిన్నప్పుడు చర్చిలో నేర్పారు. బైబిలు మొదటి నుంచీ చివరిదాకా రెండుసార్లు చదివాను. రాయడం రాదు. చేతిరాత చూస్తే కళ్ళు తిరుగుతాయండి, ముఖ్యంగా ఆ గొలుసుకట్టు. సెలవులే కదా, కాస్త నేర్పుతారేంటండి?"

మా ఇల్లంతా వేలిముద్రగాడని నవ్వుకునే మనిషి బైబిలు రెండుసార్లు చదివారట. నేను అప్పటికి ఏ పుస్తకమూ రెండుసార్లు చదవలేదు. సరే అన్నాను. కాదనే ధైర్యం లేక సరేనన్నాను, అంతే.

ఆ వేసవంతా మధ్యాహ్నం పూట కాలువ వంతెన కింద నీడలో కూర్చునేవాళ్ళం. కాలువ ఎండి ఉండేది కాబట్టి అక్కడ చల్లగా ఉండేది, ఎవరూ వచ్చేవారు కాదు. పేటలో అందరి దగ్గరా పాత ఉత్తరాలు అడిగి తెచ్చుకునేవారు. ఒక్కొక్క అక్షరం పక్క అక్షరంలోకి ఎలా కలిసిపోయిందో నేను పుల్లతో ఇసుకలో గీసి చూపించేదాన్ని. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని శ్రద్ధగా చూసేవారు. తప్పు చదివితే నేను నవ్వేదాన్ని, ఆయనా నవ్వేవారు. కొన్నిసార్లు ఆయన కుళాయి సంగతి మర్చిపోయారేమో అనిపించేది. అలా అనిపించిన రోజు నాకు అన్నం సయించేది. పేరు రాయడం కూడా నేర్పాను. మొదటిసారి తన పేరు తాను రాసుకున్నాక చాలాసేపు దాన్ని చెరపనివ్వలేదు.

స్కూళ్ళు తెరిచే ముందు వారం ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "ఇవాళ దీన్ని నేనే చదువుతానండి, తప్పులుంటే చెప్పండి" అన్నారు. సమితి ఆఫీసుకి వెళ్ళి అడిగి రాయించుకున్న తీర్మానాల నకలు అది. మొదటి వరస చూడగానే గుర్తుపట్టాను.

ఆయన వేలు పెట్టుకుని మొదటి తీర్మానం చదివారు. తర్వాత కిందికి వచ్చారు. కూడబలుక్కుంటూనే, ఎక్కడా వదలకుండా రెండో తీర్మానం చివరిదాకా చదివారు. ఒక్క తప్పు లేదు. నేను ఇసుకలోకి చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అడుగుతారు, అందరూ సంతకాలు పెట్టాలని ఇందులో ఎక్కడుందండి అని అడుగుతారు అనుకున్నాను. అడిగితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "పెద్దోళ్ళ కాయితాలు చిన్నపిల్లల చేత చదివించకూడదండి పాపగారూ. ఆ బరువు మీద వెయ్యకూడదు. తప్పు నాదేనండి" అన్నారు. "ఇకమీదట నేనే చదువుకుంటాను."

నా ఏడుపు చూసి ఆయన లేచి కాస్త అవతలికి వెళ్ళి, నేను తమాయించుకునేదాకా అటు తిరిగి నిలబడ్డారు. క్షమించమని అడగడానికి నాకు అంతకంటే మంచి సమయం ఇంకెప్పుడూ రాలేదు. అడగలేదు. కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు వంతెన దగ్గరికి వెళ్ళలేదు. ఆయనా మళ్ళీ మా అరుగు దగ్గరికి రాలేదు.

తర్వాతి సంగతులు నాకు చాలావరకు వినికిడి. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఓడించింది పేటే. ఆయన దాన్ని మనసులో పెట్టుకోలేదట. ఎవరి పింఛను కాగితమైనా, ఎవరి ఇళ్ళస్థలం పట్టా అయినా చదివి పెడుతూ, సైకిలు మీద ఆఫీసులకి తిరుగుతూనే ఉన్నారు. మళ్ళీ నిలబడి గెలిచారు. పేటకి కుళాయి అప్పుడు వచ్చింది, ఒకటి కాదు, రెండు. కానీ మధ్యలో ఎన్నో వేసవులు వెళ్ళిపోయాయి. చాలా ఏళ్ళ తర్వాత ప్రెసిడెంటు పదవి వాళ్ళకి రిజర్వయినప్పుడు ఊరు ఊరంతా ఆయన్ని ఎన్నుకుంది. కాలువ మీద పెద్ద వంతెన, సమాధుల తోటకి రోడ్డు, పంచాయతీకి సొంత కట్టడం అన్నీ ఆయన హయాంలోవే. పుస్తకం ఇంటింటికీ తిప్పే పద్ధతి మొదటి నెలలోనే ఆపేశారు. మెంబర్లందరూ ఆఫీసుకి వచ్చి కుర్చీల్లో కూర్చోవాల్సిందే. ప్రతి తీర్మానమూ పైకి రెండుసార్లు చదవాల్సిందే, అర్థం కాలేదని ఎవరన్నా మూడోసారి కూడా. మీటింగులు సాగదీస్తాడని మావాళ్ళు విసుక్కునేవారట. ఆ విసుగు మాటలు విన్నప్పుడల్లా నేను వేరే మాట ఎత్తేదాన్ని.

నేను టీచరునయ్యాను. పెళ్ళయి రాజమండ్రి వచ్చేశాను, అక్కడే రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లల తల్లిదండ్రులు ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా మొత్తం చదివి వినిపించేదాన్ని. అది నా మంచితనమని తోటి టీచర్లు అనుకునేవారు. నేను అలాగే అనుకోనిచ్చాను. ఆయన పోయినప్పుడు కబురు వచ్చింది. మోకాళ్ళ నొప్పులని వెళ్ళలేదు. నొప్పులు నిజమే గానీ వెళ్ళలేనంత కాదు.

కిందటేడు మా ఊరి పంచాయతీ హాల్లో ఆయన ఫొటో పెడుతున్నామని, మాట్లాడటానికి రమ్మని పిలిచారు. ఇప్పుడు ఆయన మనవరాలే ఆ ఊరికి ప్రెసిడెంటు. డిగ్రీ చదివింది, ముప్పై అయిదేళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. వెళ్ళాను. మైకు ముందు నిలబడి ఆయన చేసిన పనులన్నీ వరసగా చెప్పాను. ఇలాంటి నాయకులు అరుదు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క సంగతీ చెప్పలేదు. చెబుదామనే రాజమండ్రిలో బస్సెక్కాను, నిజం. మా బంధువులు ముందు వరసలో కూర్చుని ఉన్నారు.

దిగబోతుంటే మనవరాలు మైకు తీసుకుంది. "మా తాతయ్యకి చేతిరాత చదవడం, సంతకం పెట్టడం నేర్పింది ఈ టీచరుగారేనండి. అప్పటికి ఆవిడకి పదేళ్ళట. ఆవిడే నా గురువు అని తాతయ్య ఎప్పుడూ చెప్పేవారండి" అంటూ నాకు శాలువా కప్పింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టారు. పేట నుంచి వచ్చిన ముసలివాళ్ళు కూడా కొట్టారు, ఆ వేసవిలో బిందెలతో మా గోడ నీడన నిలబడ్డవాళ్ళు వాళ్ళలో ఉండే ఉంటారు. నేను రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. శాలువా కప్పుకునే దిగాను. అరవై అయిదేళ్ళ జీవితంలో నేను సిగ్గుతో చచ్చిపోయిన రోజు ఏదంటే పదేళ్ళప్పటిది కాదు, ఇదే. పదేళ్ళప్పుడు తాతయ్య పంపితే వెళ్ళాను. ఇప్పుడు నన్ను ఎవరూ పంపలేదు.

రెండు వారాలకి మించి ఆగలేకపోయాను. ఒక ఉదయం బస్సెక్కి నేరుగా పేటలో ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. శాలువా తీసుకెళ్ళాను. వరండాలో కుర్చీ వేసింది, తనూ ఎదురుగా కూర్చుంది. పుస్తకం, రెండు తీర్మానాలు, నేను చదవనిది, నేను కల్పించింది, పూతరేకుతో సహా అన్నీ చెప్పాను. ఇదంతా ఆ అమ్మాయి మొదటిసారి వింటోందని మొహం చూస్తేనే తెలిసింది. ఆయన ఎవరికీ చెప్పలేదన్నమాట. సొంత ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు. పేటంతా నిందించినా, ఎన్నికల్లో ఓడినా చెప్పలేదు.

శాలువా బల్ల మీద పెట్టి, దీనికి నేను తగనమ్మా అన్నాను. తిడుతుందనుకున్నాను. లేదా, పోనీలెండి చిన్నపిల్లలు కదా అప్పటికి అంటుందనుకున్నాను. ఆ మాట కోసమే బస్సెక్కి వచ్చానేమో కూడా.

ఆ అమ్మాయి శాలువా అంచుని వేలితో తడిమింది. "మా నాన్నమ్మ లేసు చాలా సన్నగా అల్లేదటండి. అంత సన్న పని పేటలో ఇంకెవరికీ రాదనేవారు" అంది. "ఆ ఏళ్ళన్నీ పక్క ఊరి నుంచి నీళ్ళు మోసీ మోసీ కుడి భుజం పట్టేసిందండి. ఆ తర్వాత అల్లడం మానేసింది. నాకు నేర్పమని అడిగితే, చెయ్యి లేవట్లేదమ్మా అనేది. మీ సందులో కుళాయి ఉండగా ఆవిడ అంత దూరం ఎందుకు వెళ్ళిందో ఎప్పుడూ చెప్పలేదు."

ఇన్నేళ్ళూ నేను సిగ్గుపడుతూనే వచ్చాను. అబద్ధం చెప్పానని సిగ్గు, ఆయన కాపాడారని సిగ్గు, క్షమించమనలేదని సిగ్గు. అన్నీ నా గురించీ ఆయన గురించీనే. నీళ్ళు మోసింది ఆయన కాదు. పీట తుడిచి వేసి, జామకాయలిచ్చి, వీధి దీపం వస్తుందని నవ్విన మనిషి మోసింది. ఆవిడ గురించి నేను ఒక్కరోజూ కూర్చుని ఆలోచించలేదు. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది, తట్టగానే తల ఎత్తుకోలేకపోయాను. నేను పుట్టింది ఆ ఊళ్ళో, పెరిగింది ఆ కాలువకి ఇవతలి గట్టున. అరవై అయిదేళ్ళు వచ్చాక, ఆవిడ మనవరాలి ముందు తలవంచుకుని, మీ నాన్నమ్మ పేరేంటమ్మా అని అడిగాను.